జోడేఘాటు పిదప వచ్చిన సలహాదారు

నిజాము రాజ్యమున కొంతకాలము జిల్లాకు ముఖ్యపట్టణమై వెలసిన ఆసిఫాబాదునందు, అవ్వల్ తాలూక్‌దారు మొదలు పట్వారి వఱకు, జంగ్లాతు చౌకీదారు మొదలు పోలీసు అమీను వఱకు ప్రభుత్వమునకు కన్నులును చెవులునై యుండవలసినవా రెందఱో యుండిరి. అయినను పసుల మేతపై వేసిన బంచరాయి పన్నును, పోడుపై నిషేధమును, నానాటికి జరుగుచు వచ్చిన రక్షితారణ్యపు హద్దులును గోండుల బ్రతుకు నెట్లు నలుపుచుండెనో, ఆ మెట్ల వరుసలో ఏ మెట్టునుండియు ఏలిక మనసు కరగునట్లుగా పైకి చేరలేదు. 1940లో జోడేఘాటు కొండలలో గోండుల తిరుగుబాటును నడపిన కుమ్రం భీము సర్కారు తుపాకిగుండ్లకు నేలకొరిగిన తరువాతనే ప్రభుత్వము కచేరీకి వెలుపలివాని మాట వినగోరినది.

ఆపద మూడిన పిదప వెలుపలివాని పిలుచుట ఆ సంస్థానమునకు క్రొత్త గాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి రాజధానిని ముంచివేసినప్పుడును అట్లే జరిగెను. బొంబాయి సర్కారు కొలువున 24 ఏండ్లు ఇంజనీరుగా నుండి, తనంత తానే విరమించుకొని విదేశములు తిరుగుచుండిన మోక్షగుండము విశ్వేశ్వరయ్యకు హైదరాబాదునుండి పిలుపు వెళ్లినది. 1909లో వచ్చి ఆయన యిచ్చిన సలహాయే గండిపేట ఉస్మాన్‌సాగరుగా 1920లోను, హిమాయత్‌సాగరుగా 1927లోను రూపు దాల్చినది. కొలువులోనున్నవాడు పైయధికారి మొగము చూచి మాటాడవలసి వచ్చును. కొలువున నేర్చిన విద్యను వెంటగొని వెలుపలికి వచ్చిన ఆ ఇంజనీరు నది మొగము చూచి మాటాడెను.

ఆసిఫాబాదు కథలోని సలహాదారు ఇంజనీరు గాడు, పదవీవిరమణ చేసినవాడును గాడు. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్. రెండవ ప్రపంచయుద్ధము మూలమున శత్రుదేశీయుడుగా లెక్కింపబడి హైదరాబాదు సంస్థానమున నిలిచిపోయినవాడు. ఆయన బంగళాలో కూర్చుండి నివేదిక వ్రాయలేదు. భార్య బెట్టీతో మార్లవాయి గూడెమున గుడిసెలో కాపురముండి, గోండీ నేర్చి, ఏ పొలము ఎవరి తాతలు కొట్టిన పోడో, అది ఎవరి పేర పట్టా అయినదో గోండుల నోటనే వినెను. భూమికి పట్టాలిమ్మనియు, అడవినుండి వెళ్లగొట్టుట మానుమనియు, పిల్లలకు వారి నుడిలోనే చదువు చెప్పుమనియు ఆయన చెప్పిన మాటలు కాగితముల మీదనే చావలేదు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము వెలసినది. దేవనాగరి లిపిలో గోండీ వాచకములు వచ్చినవి. 1945లో ఆయనయే గిరిజనుల విషయమున నిజాము ప్రభుత్వమునకు సలహాదారు డయ్యెను. అయితే సలహా ఎంత మంచిదైనను దానిని ఉత్తరువుగా, ఉత్తరువును పట్టాగా మార్చు చేయి కచేరీలో నుండవలెను. నిజాము కొలువులోని సేతుమాధవరావు వంటి అధికారి ఆ చేయి కాకున్న ఆ భూములు గోండులకు దక్కెడివి కావు. ఆ యధికారిని మనవారు తగినంతగా తలచుకొనకుండుట నాకు కష్టము తోచును.

సర్కారు కొలువు వీడి సలహావృత్తిని చేపట్టు అధికారులు నేడు పెక్కండ్రు. వారొకమారు ఆసిఫాబాదు వచ్చి, జోడేఘాటు చూచి, మార్లవాయి వఱకు పోవలెనని నా కోరిక. 1987లో మరణించిన బెట్టీ సమాధి అచ్చటనే యున్నది. 1995లో లండనులో కన్నుమూసిన హైమెన్‌డార్ఫ్ చితాభస్మమును పిదప తెచ్చి ఆమె ప్రక్కనే యుంచిరి.