యూనిక్స్‌లో అంటుకొమ్మలు

ఇంటిలో ఒక పెట్టె నిండినచో మరియొక పెట్టె కొందుము. ఏ చీర ఏ పెట్టెలో నున్నదో గుర్తుంచుకొను భారము మాత్రము ఇల్లాలిదే. కంప్యూటరులలో ఫైళ్లను దాచు డిస్కుల విషయమునను చాల యంత్రములలో ఇదియే పద్ధతి. ఫైలు పేరునకు ముందు డిస్కు పేరును చెప్పవలసి యుండెను. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1969లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ప్రభృతులు ఆరంభించిన యూనిక్స్ వ్యవస్థ ఈ భారమును తొలగించినది.

వారి ఏర్పాటులో ఉన్నది ఒక్కటే వృక్షము. డైరెక్టరీలు కొమ్మలు, ఫైళ్లు ఆకులు. క్రొత్త డిస్కు వచ్చినపుడు ఉన్న కొమ్మ నొకదానిని చూపి, దానిపై ఆ డిస్కులోని చెట్టునంతను అంటు కట్టుదురు. ఈ క్రియకు మౌంటు అని పేరు. 1971 నవంబరు 3వ తేదీ గల తొలి కరదీపికలోనే ఈ ఆజ్ఞ కనబడును. ఆనాడు డిస్కును మనుష్యుడు చేతులతో నెత్తి యంత్రములో ఎక్కింపవలసి యుండెను గనుక పేరు సార్థకమే. థాంప్సన్, రిచీలు 1974లో ప్రకటించిన వ్యాసములో తమ యంత్రమునకు 1 మెగాబైటు స్థిర డిస్కును, తీసి పెట్టదగిన 2.5 మెగాబైట్ల డిస్కులు నాలుగును కలవని వ్రాసిరి. నేటి చేతిఫోను తీసిన ఒక్క ఛాయాచిత్రమునకే అంత చోటు చాలకపోవచ్చును.

డిస్కుల మధ్య గట్టు కంటికి కనబడకుండుట గొప్ప సౌకర్యము. మౌంటుకు సంబంధించిన చిక్కులలో పెక్కింటికి మూలమును అదియే.

మొదటి చిక్కు, అంటు కట్టు కొమ్మ మంచిదో చెడ్డదో చెట్టునకు తెలియకపోవుట. చెత్తతో నిండిన డిస్కును మౌంటు చేసినచో వ్యవస్థ యంతయు కూలిపోవునని 1979 నాటి ఏడవ కూర్పు కరదీపికలో ‘దోషములు’ అను శీర్షిక క్రింద తామే అచ్చువేసిరి. ఆ నిజాయితీ మెచ్చదగినదే. యంత్రము కూలిన రాత్రి కాపలా యున్న ఉద్యోగికి మాత్రము అది ఏపాటి ఊరట?

రెండవది ఇంకను గడ్డుది. ప్రతి డిస్కుకును సూపర్‌బ్లాకు అను పద్దు ఒకటి కలదు. డిస్కు పరిమాణమెంత, ఏ తావులు ఖాళీ అను లెక్కలు అందుండును. మౌంటు చేసినంతకాలము దాని ప్రతిని యంత్రము తన జ్ఞాపకములో నుంచుకొని, సుమారు 30 సెకండ్ల కొకసారి డిస్కుపై తిరిగి వ్రాసెడిది. ఈ నడుమ కరెంటు పోయినదా, కరణముగారి లెక్క ఒకటి, పొలము మరొకటి. ఒకే పొలమునకు ఇద్దరికి పట్టా లిచ్చినట్లు ఒకే తావు రెండు ఫైళ్లకు చెందియుండును. ఐచెక్, డిచెక్ అను ఆజ్ఞలు తప్పును చూపెడివి. దిద్దుబాటులో చాల భాగము మనుష్యుని వివేకముపై ఆధారపడెడిది. పిమ్మట టెడ్ కొవాల్‌స్కీ రచించిన ఎఫ్.ఎస్.సి.కె. అను కార్యక్రమము ఈ పనిని చేపట్టినది. అది డిస్కును దశలవారీగా తనిఖీచేసి, దిక్కులేని ఫైళ్లను ‘పోయి దొరికినవి’ అను అర్థము గల డైరెక్టరీలో చేర్చును. డిస్కు మౌంటు కానన్నపుడు బలవంతము చేయక ముందు తనిఖీ జరుపుట అనుభవజ్ఞుల పద్ధతి.

1983లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము బర్కిలీ శాఖనుండి వెలువడిన కూర్పులో సూపర్‌బ్లాకు నకళ్లను డిస్కు పొడుగునా పలుచోట్ల భద్రపరచిరి. గుర్తుసంఖ్య నొకదానిని చేర్చి, అది లేని డిస్కును నిరాకరింప జేసిరి. ఆ సంఖ్య 011954, రచయితలలో నొకడైన మెక్‌కూసిక్ పుట్టినతేదీ యని ఎరిగినవారు నవ్వుకొందురు. 1993లో లినక్సుకు వచ్చిన ఇ.ఎక్స్.టి. 2 కూడ నకళ్ల పద్ధతినే పాటించెను. కనుక సూపర్‌బ్లాకు చెడినదని యంత్రము పలికినంత మాత్రమున డిస్కు మరణించినట్లు కాదు. డిస్కు పేరో, దాని జాతియో తప్పు చెప్పినను అదే పలుకు వినవచ్చును. డిస్కులను వరుసనుబట్టి పిలుచుచో మరునాడు వరుస మారవచ్చును గనుక, తరువాతి కాలమున ప్రతి చెట్టునకును మారని సంఖ్య నొకదానిని ఇచ్చిరి.

అంటు విప్పునపుడు ‘పనిలో నున్నది’ అని యంత్రము మొరాయించుటయు కలదు. ఎవరో ఆ కొమ్మపై కూర్చుండి యున్నారన్నమాట. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతయు వెదకినట్లు, వెదకుచున్నవాడే ఆ డైరెక్టరీలో నిలిచియుండుట తరచు జరుగును.

మే మెరిగిన ఒక కార్యాలయములో ఏండ్ల తరబడి కూర్చిన ప్రసంగముల ధ్వనిముద్రణలు ప్రత్యేకముగా నొక డిస్కులో నుండెడివి. ఒక ఉదయము కరెంటు పోయి వచ్చినపిమ్మట ఆ డైరెక్టరీ ఖాళీగా కనబడినది. గుండెలు జారినవి. డిస్కును క్రొత్తగా సిద్ధము చేయుద మని ఒకరు సూచించిరి కూడ. ఆ మాట విన్నచో సర్వము పోయెడిది. నిజమునకు డిస్కు మౌంటు కాలేదు, అంతే. కాని ఆ సంగతి తెలియక పనివారు ఆనాటి ధ్వనిముద్రణల నన్నింటిని ఆ ఖాళీ డైరెక్టరీలోనే చేర్చిరి. మరునాడు డిస్కును తనిఖీచేసి మౌంటు చేయగా పాతవి తిరిగివచ్చినవి, నిన్నటివి మాయమైనవి. అంటు కట్టిన కొమ్మ తనక్రింద నున్నదానిని కప్పివేయు నని అపుడు ఒక యువకునకు తట్టినది. అతడు డిస్కును విడదీసి చూడగా, నిన్నటి ధ్వనిముద్రణలు అన్నియు అడుగున చెక్కుచెదరక యుండెను. వానిని వేరొకచోటికి మార్చి, డిస్కును మరల అంటు కట్టిరి.