వాగు పూడిక ఎవరు తీయాలి?

మా వాగులో ఈ ఎండాకాలం కూడా పూడిక తీయలేదు. తుంగ, సర్కారు తుమ్మ పెరిగి నీళ్లకి దారే లేదు. పంచాయతీని అడిగితే ఇరిగేషనోళ్ల పనంటారు, వాళ్లనడిగితే నిధుల్లేవంటారు. రచ్చబండ దగ్గర ఓ పెద్దాయన "మా తాతలైతే ఇంటికో మనిషి పోయేవోళ్లురా" అన్నాడు. ఆ మాట పట్టుకుని కాస్త వెనక్కి వెళ్దాం.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించిన చెరువది. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బళ్లు, రెండేళ్లు పనిచేశాయని అందులో ఉంది. తవ్వడం ఒక ఎత్తు, కాపాడుకోవడం ఇంకో ఎత్తు. అందుకే సీమలో దశబంధం ఇనాములు ఉండేవి. చెరువు కట్టి, మరమ్మతు చూసేవాళ్లకి భూమి ఇచ్చేవాళ్లు. ఆ భూమి అనుభవించినంత కాలం చెరువు బాధ్యత ఆ ఇంటిదే. కట్ట తెగితే ఏ గడప తొక్కాలో ఊరందరికీ తెలుసు.

కాలువలో మట్టి ఎత్తడం, కంప కొట్టడం లాంటి పనులు ఊరి వంతు. తమిళంలో దీన్నే కుడిమరామత్తు అంటారు. 1858లో మద్రాసు రాజధానికి కంపెనీవాళ్లు 1వ నంబరు చట్టం తెచ్చారు. వరదకి కట్ట తెగేలా ఉంటే జనాన్ని బలవంతంగానైనా పనికి పిలవచ్చు. ఆనవాయితీగా చేయాల్సిన సాగు, మురుగు పని ఎగ్గొడితే కూలికి రెట్టింపు కట్టించొచ్చు. అయితే ఒకటి మర్చిపోకూడదు. వరద పనికి పిలవమని రాసింది కూలీ వర్గాలనే. నీళ్లు పారేది ఒకడి పొలానికి, పార పట్టేది ఇంకొకడు. కాబట్టి పాతకాలమంతా బంగారం అనలేం.

స్వాతంత్ర్యం వచ్చాక నీళ్లు, మురుగు, కరకట్టలు రాష్ట్రాల జాబితాలో పడ్డాయి. 1992లో 73వ సవరణ చిన్న నీటి వనరులను పంచాయతీలకి అప్పగించదగ్గ పనుల్లో చేర్చింది. 1997లో ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసి పదివేలకు పైగా నీటి సంఘాలు పెట్టింది. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైంది. చెరువు మట్టిని రైతులే సొంత ఖర్చుతో పొలాలకి తోలుకున్నారు.

ఇప్పుడు చూడండి, అడగడానికి మూడు గడపలున్నాయి. తీసేవాడు మాత్రం కనపడడు. 2024 సెప్టెంబరులో బుడమేరుకి గండ్లు పడి విజయవాడ మునిగాక అందరికీ వాగు గుర్తొచ్చింది. అది పట్నం కాబట్టి టీవీల్లో చూపించారు. మన వాగు పొంగితే మునిగేది మన వరి చేనే.

నా లెక్క ఇది. వాగు కడుపు సర్కారుది, అందులో పూడిక సర్కారే తీయాలి. పంట కాలువ మనది. వాగు గట్టు దున్ని నాలుగు సాళ్లు కలుపుకున్నది కూడా మనమే, నాతో సహా. వచ్చే గ్రామసభలో మన వాగు ఏ శాఖ రిజిస్టరులో ఉందో రాతపూర్వకంగా అడుగుదాం. ఆ జవాబు వచ్చేలోపు నేను నా నాలుగు సాళ్లు వదిలేస్తున్నా. మీరేమంటారు?