కాఫీ హౌస్ తురాయి

ఈ ఉత్సవ సంచికకి ఊళ్లోని ఏదైనా పాత సంస్థ గురించి రాయమనగానే నాకు జగదల్‌పూర్ ఇండియన్ కాఫీ హౌస్ బేరర్ల తలపాగా గుర్తొచ్చింది. తెల్లటి పాగా, దాని మీద గంజి పెట్టిన తురాయి, విసనకర్రలా విచ్చుకుని. చిన్నప్పుడు బేరరు వంగి సాంబారు పోస్తుంటే అది నా దోసెలో పడుతుందేమోనని భయం. ఒక్కసారీ పడలేదు.

ఆ తలపాగానే కాఫీ హౌస్ గుర్తు. వేరే వ్యాపారాలకి గుర్తుగా బొమ్మలుంటాయి. మెక్‌డొనాల్డ్స్‌ది రోనాల్డ్ అనే విదూషకుడు. 1963లో వాషింగ్టన్ టీవీలో మొదట కనిపించినప్పుడు అతని ముక్కు ఒక కాగితం కప్పు, టోపీ ఒక ట్రే. తర్వాత రెండూ పోయాయి. మన ఎయిర్ ఇండియా మహారాజాను 1946లో బాబీ కూకా ఊహిస్తే ఉమేశ్ రావు గీశారు. 2015లో ఆయన్నీ కుర్రవాణ్ని చేశారు. వ్యాపారం మారినప్పుడల్లా బొమ్మకి కొత్త వేషం కడతారు.

కాఫీ హౌస్ గుర్తును మనుషులే నెత్తిన మోస్తున్నారు. దొరల కాలంలో నౌకర్లకి కట్టించిన వేషమది. 1936లో బొంబాయి చర్చ్‌గేట్‌లో కాఫీ సెస్ కమిటీ తొలి కాఫీ హౌస్ తెరిచింది. యాభైల్లో, కాఫీ హౌస్‌లు నడిపే కాఫీ బోర్డు వాటిని మూసేయడం మొదలుపెట్టేసరికి పనివాళ్లు రోడ్డున పడ్డారు. కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ వాళ్లని కూడగట్టి సహకార సంఘాలు పెట్టించారు. మొదటిది బెంగళూరులో, 1957 ఆగస్టు 19న. మన ఊరి కాఫీ హౌస్ జబల్‌పూర్ సంఘానిది. అంటే కాఫీ తెచ్చిచ్చే మనిషికీ అందులో వాటా ఉంది.

హోటలు తమదయ్యాక వాళ్లు ఆ పాగా విప్పి పారేస్తే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఉంచుకున్నారు. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది అక్కడే. దండామి మారియా ఆదివాసులు అడవిదున్న కొమ్ములు తలకి కట్టుకుని, ముఖం మీద గవ్వల సరాలు ఊగుతుండగా ఆడే నేల ఇది; తలకట్టు విలువ బస్తర్‌కి ఒకరు చెప్పాలా?

విశాఖ నుంచి కిరండూల్ బండి ఎక్కి అరకు కాఫీ తోటలు దాటి వచ్చే బంధువులను నేను తీసుకెళ్లేది కాఫీ హౌస్‌కే. మొన్నొక రాత్రి, కట్టేసే వేళకి, బేరర్లలో ఒక పెద్దాయన పాగా రెండు చేతులతో తీసి బల్ల మీద పెట్టారు. తురాయి మడతలు వేళ్లతో ఒక్కొక్కటే సరిచేశారు. గంజి ఎవరు పెడతారని అడిగాను.

"నాది నేనే పెట్టుకుంటాను," అన్నారు.