ఇంజను గదియు, మన యంత్ర సంస్కారమును

ఆయుధపూజ నాడు ధర్మపురి పట్టణమున నడచి చూచినవారికి ఒక సంగతి తెలియగలదు. బస్సు షెడ్లలోను, లారీ కార్యాలయముల యెదుటను, మెకానిక్కులు పనిచేయు చెట్లనీడలలోను బండ్లన్నిటిని కడిగి, గంధము కుంకుమ పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయల నుంచుదురు. పైరేకు అద్దమువలె మెరయుచుండును. కాని బానెట్టు ఎత్తి లోపలి ఇంజనునకు బొట్టు పెట్టువారు కొందరే. పూజ నందవలసిన అసలు ఆయుధము లోపల నున్నదే కదా! ఆ లోపలి గదిని గూర్చియే మేము ఈ వ్యాసమున నాలుగు మాటలు చెప్పదలచితిమి. పందెపు కార్లలోను, స్పోర్ట్సు కార్లలోను ఇంజను గదిని శుభ్రపరచి, సవరించి, అలంకరించు విద్య ఎట్లు పెరిగినది? అందులో ఈ నాటి తెలుగువారి పాలెంత? నేడది ఏ దారి పట్టుచున్నది? ఈ మూడు విషయములను వరుసగా పాఠకుల ముందుంచెదము.

మొదటి మోటారు బండ్లలో ఇంజనునకు ప్రత్యేకమైన గదియే లేదు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రముల బండిలో ఇంజను వెనుక ప్రక్కన నుండెను. ఫ్రాన్సు దేశమున పనార్ లెవస్సోర్ సంస్థవారు 1891లో దానిని బండి ముందునకు తెచ్చిరి. ఆ ఇంజనుపై కప్పిన పెట్టెయే మనము నేడు బానెట్టు అనునది. తరువాతి కాలమున అది నడుమ కీలుండి, ఇరుప్రక్కలకు పక్షి రెక్కలవలె తెరచుకొనునట్లు మారెను. యజమానియే గాని, అతని డ్రైవరే గాని ప్రతిదినము దానిని తెరచి, నూనె చూచి, నీరు పోసి, మసి తుడిచిన పిదపనే బండి కదలెడిది. తెరచి చూచుట నాడు తప్పని పని. తప్పని పని యగుటచే ఆ చోటు చూడదగినదిగా నుండవలెనను కోరిక సహజముగ పుట్టెను.

ఆ కోరికను కళగా మార్చినవారు స్పోర్ట్సు కార్ల నిర్మాతలు. 1920 దశకమున ఎట్టోరె బుగాట్టి తన ఇంజన్లను నిలువు పలకలవలె చదునుగా తీర్పించి, పై తలమును చేతిపనితో గీసి నిగ్గు తేర్పించెను. 1948లో జాగ్వారు సంస్థవారు ఎక్స్.కె. ఇంజనుపై నున్న జంట మూతలకు అల్యూమినియపు మెరుగు పెట్టిరి. ఇటలీ దేశపు ఫెరారీవారు 1956లో ఒక పందెపు కారు ఇంజను మూతలకు ఎఱ్ఱరంగు వేసి, ఆ కారునకే ‘టెస్టా రోసా’ అని పేరిడిరి. ఆ మాటకు ‘ఎఱ్ఱ తల’ అని యర్థము. 1961లో వచ్చిన జాగ్వారు ఇ-టైపు కారులో ముందు భాగమంతయు ఒక్కటిగా ముందునకు వంగి, ఇంజను సర్వము కన్నుల బడెడిది. మన మదరాసులో స్టాండర్డు కంపెనీవారు 1960 దశకమున తయారు చేసిన హెరాల్డు కారునకు నిట్టి బానెట్టే యుండెను. దానిని తెరచి, ముందు చక్రముపై కూర్చుండి పనిచేయు మెకానిక్కును చూచినవారు మనలో నింకను కలరు.

ఇక మనవారి సంగతి. తమిళనాటి తెలుగు కుటుంబములలో పెక్కు విజయనగర, నాయకరాజుల కాలము మొదలుకొని ఇచట నిలిచినవి. నాగలి పట్టిన చేతులే ఇరువదవ శతాబ్దమున స్పానరును, లాథును పట్టినవి. అందుకు తొలి తార్కాణము కోయంబత్తూరు జి.డి. నాయుడుగారు. 1893లో కలంగల్ గ్రామమున తెలుగు రైతు కుటుంబమున జనించిన ఆయనకు బడి చదువు పట్టుబడలేదు. ఒక ఆంగ్లేయాధికారి యొద్ద నున్న రడ్జ్ మోటారు సైకిలు ఆయన మనస్సును హరించెను. కోయంబత్తూరున హోటలులో సర్వరుగా పనిచేసి, పైకము కూడబెట్టి, ఆ బండినే కొని, విప్పి, మరల బిగించి దాని మర్మము నెఱిగెను. ఆయనకు అదియే కళాశాల.

1920లో నాయుడుగారు పొల్లాచ్చి, పళని పట్టణముల నడుమ ఒకే బస్సుతో వ్యాపారము ప్రారంభించిరి. 1933 నాటికి వారి యు.ఎం.ఎస్. సంస్థ క్రింద 280 బస్సులు నడచుచుండెను. అన్ని బస్సులు వేళ తప్పక నడువవలెనన్నచో, ప్రతి ఇంజనును క్రమముగ తెరచి, తుడిచి, పరీక్షించు అలవాటు లేక సాగదని వేరుగా చెప్ప నక్కరలేదు. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి వారు విద్యుత్ మోటారును ఇక్కడనే తయారు చేసిరి. 1952లో 2,000 రూపాయల వెలకు ఇద్దరు కూర్చుండు పెట్రోలు కారును రూపొందించిరి. కాని దాని తయారీకి ప్రభుత్వపు అనుమతి లభింపలేదు. 1974లో వారు కీర్తిశేషులైరి. వారి కుటుంబమువారు కోయంబత్తూరున నెలకొల్పిన గెడీ కార్ల మ్యూజియము 2015 నుండి ప్రజల కందుబాటులో నున్నది. పిల్లలను వెంటబెట్టుకొని పోయి చూడదగిన చోటది.

రెండవ పేరు సుందరం కరివర్ధన్‌గారిది. కోయంబత్తూరు లక్ష్మీ మిల్లుల వంశమున 1954లో పుట్టిన ఆయన దూది వ్యాపారమునకంటె వేగమునే ఎక్కువగా ప్రేమించెను. ఆ కాలమున మదరాసు సమీపమున షోళవరము విమానపు దారిపై మోటారు పందెములు జరిగెడివి. మదరాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బువారు వానిని నడిపెడివారు. విదేశపు కారు తెప్పించుకొనుట సామాన్యులకు అసాధ్యము. కావున మనవారు దొరకిన ఫియట్‌నో, హెరాల్డునో తీసికొని దాని ఇంజనునే దిద్దుకొనవలసి వచ్చెను. సిలిండరు తలను సన్నముగ చెక్కించి ఒత్తిడి పెంచుట, ఒక కార్బురేటరు స్థానమున రెండు బిగించుట, పొగ సులువుగ పోవు గొట్టములు చేయించుట, బరువైన అనవసరపు రేకులను తీసివేయుట, ఇవి నాటి ముఖ్యమైన సవరణలు. కరివర్ధన్‌గారు ఇంకొక యడుగు ముందుకు వేసి, మారుతి 800 కారు యొక్క 796 సి.సి. ఇంజనుతో ఒంటి మనిషి కూర్చుండు పందెపు కారును నిర్మించిరి. దానికే ఫార్ములా మారుతి అని పేరు. తక్కువ వెలకు పందెమును అందుబాటులోనికి తెచ్చిన కారది. ఆ పోటీలలో చేయి తిరిగిన కోయంబత్తూరు యువకుడు నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెమున దిగిన మొదటి భారతీయుడయ్యెను. ఆ దినమును కరివర్ధన్‌గారు చూడలేదు. 1995లో విమాన ప్రమాదమున వారు మరణించిరి. 2003లో కోయంబత్తూరు చెంత చెట్టిపాళయమున ప్రారంభమైన పందెపు బాటకు వారి పేరే పెట్టిరి.

కోయంబత్తూరు కథ మన ధర్మపురికి దూరమైనది కాదు. బెంగుళూరు నుండి సేలము మీదుగ కోయంబత్తూరునకు పోవు బండ్లన్నియు మన యూరి దారినే పట్టవలెను. ఒకప్పుడు 7వ నెంబరు జాతీయ రహదారియని, ఇప్పుడు 44వ నెంబరని పిలువబడు ఈ బాటయే మన జిల్లాకు జీవనాడి. సేలము దిక్కు నుండి తొప్పూరు కనుమ నెక్కి వచ్చు బండి ఇంజను ఎట్టిదో ఆ ఎక్కుడే పరీక్షించును. రేడియేటరు సందులలో దుమ్మును, పురుగులును నిండియున్నను, ఫ్యాను బెల్టు వదులైనను, నీటి గొట్టము చీలియున్నను అచట ఆవిరి లేచును. లారీ బుకింగు కార్యాలయమున ఏండ్ల కొలది లెక్కలు వ్రాసిన మేము గమనించినది ఒకటే. దారిలో నిలిచిపోయిన బండ్లలో పెక్కింటి దోషము చిన్నది. బయలుదేరు ముందు బానెట్టు ఎత్తి చూచియున్నచో కనబడెడి దోషము.

కావున శుభ్రపరచు విధానమును కొంత వివరింతుము. మొదట ఇంజను పూర్తిగ చల్లారవలెను. వేడి ఇనుముపై చన్నీరు పడినచో పగులు పట్టవచ్చును. వేడి మీద రేడియేటరు మూత విప్పినచో మరగు నీరు మొగముపై చిమ్మును. పిమ్మట బ్యాటరీ తీగలలో చాసిస్‌కు కలిసియున్న దానిని ముందు విప్పవలెను. నేటి కార్లలో అది ఋణధ్రువపు తీగ. పాత ఇంగ్లీషు కార్లలో అనేకముల యందు ధనధ్రువమే చాసిస్‌కు కలిసియుండును. చూచి విప్పుట మేలు. తరువాత గాలి పీల్చు నోటిని, కార్బురేటరును, డిస్ట్రిబ్యూటరును, కరెంటు పుట్టించు డైనమోను పాలిథీను సంచులతో కప్పి కట్టవలెను. గట్టిపడిన జిడ్డును చెక్కపుల్లతో గీకి, కుంచెతో పైనుండి క్రిందికి కడుగవలెను. మునుపు షెడ్లలో ఇందుకు కిరసనాయిలు వాడెడివారు. అది నిప్పంటుకొను వస్తువు. నేడు జిడ్డును కరిగించు ద్రావణములు వేరుగ దొరకుచున్నవి. నీరు కొంచెముగ, మెల్లగ పోయవలెనే గాని, వేగముగ చిమ్ము గొట్టముతో కొట్టరాదు. తీగల అతుకులలో చేరిన తడి మఱునాడు బండిని నిలిపివేయును. కడిగిన పిదప గాలి పట్టించి, పొడిగుడ్డతో తుడిచి, మరునాడు మరల చూడవలెను. జిడ్డు పోయిన శుభ్రమైన ఇంజనుపై కొత్తగా ఒక్క చుక్క నూనె కనబడినను అది ఎచట నుండి కారుచున్నదో వెంటనే తెలియును. శుభ్రత యొక్క ప్రయోజనమంతయు ఇందే యున్నది. మెరుపు కొరకు గాక, రోగము బయట పడుట కొరకు శుభ్రపరచవలెను.

అలంకారమునకును ఇదియే న్యాయము. పై మూత అల్యూమినియపుదైనచో సన్నని ఎమెరీ కాగితముతో రుద్ది మెరుగు పెట్టవచ్చును. జిడ్డు అంటదు, తుడుచుట సులభము. ఇనుప భాగములకు వేడికి నిలుచు రంగునే వేయవలెను. మామూలు రంగు పొగ గొట్టముపై పొక్కి, మాడి రాలును. రేడియేటరునకు మెరుగు రంగుకంటె పలుచని మొరటు నల్లరంగే మేలు, ఏలయన అది వేడిని బాగుగ వెలిగ్రక్కును. తీగలను కట్టలుగ కట్టి, పొగ గొట్టమునకు దూరముగ బిగించుట అందమును, రక్షణయును కూడ. కాని తీగలే కనబడరాదని సందులలో దూర్చి, పదునైన రేకుల అంచులపై లాగుట నిప్పుతో చెలగాట మాడుటయే. రంగు దీపములకై ఫ్యూజు లేక తీగను లాగుటయు నట్టిదే. పాత స్పోర్ట్సు కార్లు గలవారు మరియొక సంగతి గమనింపవలెను. నేడు బంకులలో దొరకు పెట్రోలులో 20 శాతము వఱకు ఇథనాలు కలిసియున్నది. పూర్వకాలపు రబ్బరు గొట్టములు దానికి తట్టుకొనక ఉబ్బి, పగులవచ్చును. మూతకు క్రోమియపు పూత పూయించుటకు ముందు ఆ గొట్టములను మార్పించుట వివేకము.

చట్టమును మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్ణయించిన మూలరూపమునకు విరుద్ధముగ బండిని మార్చరాదు. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానమును దీనినే ధ్రువపరచినది. ఇంజనునే మార్చదలచినవారు రిజిస్ట్రేషను అధికారి అనుమతిని ముందే పొందవలెను. ఇంజనుపై చెక్కిన నెంబరును రంగుతో పూడ్చుట గాని, మెరుగు పెట్టబోయి అరగదీయుట గాని కూడదు. ఆ నెంబరునకును, ఆర్.సి. పుస్తకమునకును పొత్తు కుదరనిచో ఎంత అందమైన బండియైనను కచేరి వాకిట నిలువవలసినదే. గుమాస్తా కన్నుతో చూచినచో ఇంజను గది ఒక చిట్టా పుస్తకము వంటిది. అట్టపై బంగారు గీతలుండవచ్చును. కాని లోపలి పుటలలో కొట్టివేతలు లేక, ప్రతి పద్దు చూడగనే కనబడుచుండుటయే దాని అందము.

నేడు రెండు పోకడలు కనబడుచున్నవి. కొత్త కార్లలో ఇంజనుపై నల్లని ప్లాస్టికు కప్పు బిగించి యుందురు. దానిని ఎత్తి చూచు యజమానులు అరుదు. మరియొక ప్రక్క కొందరు యువకులు వేల రూపాయలు పోసి ఇంజను గదిని పెండ్లి పందిరివలె సింగారించుచున్నారు; కాని ఏ గొట్టము దేనికో అడిగినచో చెప్పలేరు. ఒకరు చూడనే చూడరు, మరియొకరు చూపించుటకే చూతురు. నాయుడుగారి మార్గము ఈ రెండును కాదు. తాను కొన్న బండిని తానే విప్పి, తెలిసికొని, బిగించినవాడాయన.

ఇందులో మన భాషకును ఒక మాట కలదు. తమిళనాటి తెలుగు ఇండ్లలో పూజ, పెండ్లి, వంట, వీని మాటలు తెలుగున నిలిచియున్నవి. చేతిపని మాటలు జారిపోవుచున్నవి. మసి, జిడ్డు, తుప్పు, కీలు, అతుకు, బిగింపు, వదులు, అరుగుదల, ఇవి మన తాతలు బండియిరుసు దగ్గర వాడిన మాటలే; మోటారునకును సరిగ సరిపోవును. కార్బురేటరును తెలుగు చేయ నక్కరలేదు. కాని “బెల్టు వదులైనది, అతుకు దగ్గర జిడ్డు కట్టినది” అని చెప్పగల బిడ్డడు భాషను, యంత్రమును ఒక్కసారే నేర్చుకొన్నవాడగును. మాట పోయిన పని రెండు తరములకంటె ఎక్కువ నిలువదని మా నమ్మకము.

కావున మన సంఘ సభ్యులకు మా విన్నపము చిన్నది. కారే గాని, స్కూటరే గాని, పొలమున నీటి ఇంజనే గాని, ఇంట నున్నదానిని నెలకొకసారి చల్లారిన వేళ తెరువుడు. ఇంటి ఆడపిల్లను, మగపిల్లవానిని ఇరువురిని దగ్గరకు పిలువుడు. ఏది నీరు, ఏది నూనె, ఏది నిప్పు అను మూటిని తెలుగున చెప్పి చూపుడు. తుడుచుటకు వారి చేతికే గుడ్డ నీయుడు. మెరుగు పెట్టుట తరువాత వారే నేర్చుకొందురు.