బేరీజు, నికరము

నేడు మనము ఒక సంగతిని బేరీజు వేయుట యనగా దాని మంచిచెడ్డలను తూచిచూచుట యని యర్థము చెప్పుకొనుచున్నాము. కాని యీ మాట కచేరీలనుండి వీథిలోనికి వచ్చి, వచ్చుచు త్రోవలో అర్థము మార్చుకొన్న మాట. పూర్వము కరణముల లెక్కలలో బేరీజనగా కూడిక, జుమలా, ఒక గ్రామముమీద విధింపబడిన శిస్తుల మొత్తపు టంకె. దానికి ప్రక్కన నుండవలసిన మాటలు రెండు: వజా, నికరము. బేరీజులో వజాలు పోగా నికరము. ఇప్పటి బిల్లులలో పైవరుసను గ్రాస్ అని అచ్చువేసి, రాయితీలును ముందు చెల్లించిన సొమ్మును క్రింద తీసివేసి, అడుగున నికరమును చూపుట యీ పాత లెక్కయే. సామాన్యునికి గ్రాస్ అనగా మొత్తము. దానితో అతని సందేహము తీరును. న్యాయవాదికి మాత్రము అక్కడినుండియే వ్యవహారము మొదలగును, ఏలయన దేనిని తీసివేయకముందు మొత్తమనునది వ్రాతలో లేనియెడల ఆ మాట ఒక్కొక్క పక్షమువారి నోట ఒక్కొక్క యంకెను పలుకును. గోదావరి డెల్టాలో రైతు, జమీందారు, సర్కారు నూటయేబది సంవత్సరములు తగవులాడుకొన్నది చాలవరకు ఈ ప్రశ్న చుట్టే.

ఈ లెక్క మొట్టమొదట కాగితముమీద పుట్టలేదు, కల్లములో పుట్టినది. కుప్ప నూర్చి, తూర్పారబట్టి, ధాన్యమును రాశిపోసిన పిమ్మట కొలత ముగియువరకు ఎవరును చేయిపెట్టకుండునట్లు రాశిమీద ముద్ర వేయుచుండిరి. కొలుచువాడు మొదటి కుంచమును ఒకటి యనక లాభమని, తరువాత రెండు, మూడు అని లెక్కపెట్టుట మన పెద్దలందరును విన్నదే. నాలుగు కుంచములు తూము, ఐదు తూములు ఏదుము, పది తూములు పందుము, ఇరువది తూములు పుట్టి. రాశి యెన్ని పుట్లు తూగినను అది యింకను పంచుకొనదగిన రాశి కాదు. వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, మంగలికి, తలారికి, వెట్టివానికి ఏడాది పొడుగున చేసిన పనికి ప్రతిఫలముగా మేరలు అందులోనుండియే పోవలెను. కరణమునకు స్వతంత్రమను రుసుము ముట్టవలెను. ఇవి పోగా మిగిలినదానిలోనే సర్కారు వాటా, రైతు వాటా. మేరలు ముందు తీసిన, ఆ భారము రాజునకును రైతునకును సమానము. వాటాలు పంచిన తరువాత తీసిన, అది రైతు ఒక్కనిమీద పడును. ధాన్యములో గింజ హెచ్చుతగ్గులు లేకయే, తీసివేత యెప్పుడు జరిగినదను దానివలన ఒక కుటుంబమునకు రెండు నెలల గ్రాసము వచ్చుటయో పోవుటయో జరుగును. తూకమునకంటె వరుసక్రమము బలవత్తరమైన దనుటకు దీనికి మించిన నిదర్శనము నాకు కనబడలేదు.

ఆసర యని పిలువబడిన యీ వాటాపద్ధతితోపాటు విస్సబడి యను మరియొక పద్ధతియు నుండెను. అందు గ్రామము మొత్తమునకు ఒక్క యంకె నిర్ణయమగును. ఆ యంకెను రైతులే తమలో తాము వీసములచొప్పున, అనగా పదునారింట నొకటవ వంతులచొప్పున, పంచుకొందురు. గంపగుత్తగా చెల్లించు మక్తాలు, ఇజారాలు వేరు. ఈ పద్ధతులలో కంటికి కనబడు రాశి క్రమముగా వెనుకకు పోయి, వ్రాయబడిన యంకె ముందునకు వచ్చినది.

1765వ సంవత్సరమున మొగలు చక్రవర్తి షా ఆలము ఇచ్చిన ఫర్మానాతోను, మరుసటి యేడు నైజాముతో జరిగిన సంధితోను ఉత్తర సర్కారులు కుంపిణీవారి చేతిలోనికి వచ్చెను. ఈ జిల్లాలలో జమీందారులు ఎంత వసూలు చేయుచున్నారో, అందులో తమకెంత చూపుచున్నారో తెలియక దొరలు మొదటినుండియు తబ్బిబ్బుపడిరి. ఆ మొత్తమును కనుగొనుటకే 1775లో సర్క్యూట్ కమిటీ యేర్పడెను. గ్రామగ్రామము తిరిగి లెక్కలు తీయుట దాని పని. మూడేండ్లకు గవర్నరు రంబోల్డు దానిని నిలిపివేసి, జమీందారులనే మదరాసునకు పిలిపించెను, 1783లో మరల దానికి ప్రాణము పోసిరి, 1788లో అంతమొందించిరి. కరణము మూట విప్పనంతకాలము అసలు లెక్క పైకి రాదను సంగతి ఆ పదమూడేండ్లలో దొరలకు బోధపడియుండును.

అటుపిమ్మట వచ్చినది 1802వ సంవత్సరపు ఇరువదియైదవ రెగ్యులేషను, అనగా శాశ్వతపు బందోబస్తు. గత సంవత్సరముల లెక్కలనుబట్టి జమీందారు రైతులనుండి రాబట్టు మొత్తమును కట్టి, అందు మూడింట రెండు వంతులు సర్కారునకు పేష్కషు అనియు, మూడవ వంతు జమీందారునకు అనియు స్థూలముగా నిర్ణయించిరి. బంగాళములో జమీందారునకు విడిచినది పదునొకండింట ఒక్క వంతే యని తలచిన మన జమీందారులు అదృష్టవంతులే. అయితే ఈ మొత్తము కూడ సర్వమును గూడినది కాదు: ఉప్పు, సురేకారము, సాయరు సుంకములు, ఆబ్కారీ, ఇనాము భూములు వేరుచేయబడి సర్కారు పరమయ్యెను. జమీందారులు లేని హవేలీ భూములను ముఠాలను చిన్న యెస్టేటులుగా కోసి వేలము వేసిరి. కల్లములోని రాశి ఏటేట మారును, రెగ్యులేషనులోని రాశి మారదు. ఈ భేదమే ముఠాదారుల కొంపలు ముంచినది. వర్షము లేని యేడును, వరద వచ్చిన యేడును పేష్కషు ఒక్కటే గనుక ముఠాలు బాకీలక్రింద ఒక్కటొక్కటిగా వేలమునకు వచ్చి మరల సర్కారు చేతిలోనే పడెను. 1832-33లో వచ్చిన నందన కరువు మిగిలినదానిని ఊడ్చినది. 1844లో హెన్రీ మాంట్గొమరీ రాజమహేంద్రవరము జిల్లా దుఃస్థితినిగూర్చి వ్రాసిన నివేదికయే ఆర్థరు కాటను ఆనకట్టకు దారితీసినది. 1847లో ఆరంభమైన ఆ పని 1852నాటికి ముగిసి, ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరములనడుమ గోదావరి కట్టువడెను.

నీరు వచ్చినతోడనే పాత ప్రశ్న క్రొత్త వేషముతో వచ్చెను. పంటలో సర్కారు వంతును మొత్తముమీద కట్టవలెనా, నికరముమీద కట్టవలెనా? 1855లో మదరాసు ప్రభుత్వము మొత్తపు పంటలో నూటికి ముప్పదికి మించరాదని తలపెట్టినది. 1864లో ఇండియా మంత్రి చార్లెసు వుడ్డు అట్లు గాదు, సేద్యపు ఖర్చులు పోగా మిగిలిన నికరములో సగమని ఉత్తరువు చేసెను. వినుటకు ఇది రైతునకు మేలుగా నుండును: ముందు ఖర్చు తీసి, పిదప పంచుట. కాని ఖర్చెంత యని వ్రాయువాడు సెటిల్మెంటు ఆఫీసరు. మచ్చుకు కొన్ని మళ్లు కోయించి, కొలిపించి, ఎద్దులకింత, విత్తనమునకింత, కూలికింత యని పట్టికకట్టి, అకాలమునకు కొంత విడిచి, మిగిలినదే నికరమనును. ఖర్చు తక్కువగా వ్రాసినచో నికరము దానంతట అదే బలియును. తన సొంత కుటుంబము చేసిన చాకిరి ఆ పట్టికలో ఏ మూల నున్నదో రైతు వెదకికొనవలసినదే.

ఈ రహస్యమును రమేశచంద్ర దత్తు 1900లో వైస్రాయి కర్జనునకు వ్రాసిన బహిరంగ లేఖలలో ఎత్తిచూపెను. నికరములో సగమని చెప్పి వసూలుచేయునది మొత్తములో మూడవవంతువరకు పోవచ్చునని ఆయన వాదము. ఆ యేడే ఇండియా మంత్రికి పంపిన విజ్ఞాపనలో, నికరములో సగమను మాటను ఒప్పుకొనుచునే, శిస్తు మామూలుగా మొత్తపు పంటలో ఐదవవంతును మించరాదని హద్దు కోరిరి. దానిపై చేవ్రాలు చేసినవారిలో మదరాసు సెటిల్మెంటు శాఖకు ఒకప్పుడు డైరెక్టరుగా నుండిన పకిలు దొరయు నొకడు. పట్టికలు కట్టించిన చేయియే, ఆ పట్టికలకు కళ్లెము కావలెనని చేవ్రాలు చేయుట నాకు మిక్కిలి యర్థవంతముగా తోచును. 1902లో కర్జను ప్రభుత్వము హద్దు నిరాకరించినది.

డెల్టాలో చిక్కు ఇంకొకటి. మొదటి సెటిల్మెంటులో భూమికి మెట్టశిస్తు, కాలువనీటికి వేరుగా తీరువ. 1865వ సంవత్సరపు ఏడవ ఆక్టు నీటితీరువకు చట్టపు బలమిచ్చెను. ఆ శతాబ్ది కడపట జరిగిన రీసెటిల్మెంటులో నిలుకడగల మాగాణులకు రెండును కలిపి ఒక్క శిస్తుగా చేసిరి. వేరుగా నున్నంతకాలము నీటికెంత, నేలకెంత యని రైతు అడుగగలిగెను. కలిసిన పిమ్మట అడుగుటకు వీలేది?

కడపట 1948 వచ్చినది. ఆ యేటి ఇరువదియారవ ఆక్టు జమీందారీలను రద్దుచేసినప్పుడు, పిఠాపురము మొదలుగాగల యెస్టేటులకు నష్టపరిహారమును కట్టుటకు శాసనకర్తలు పట్టుకొన్న ఆధారము రైతువారీ శిస్తు డిమాండు. అక్కడ వాడిన విశేషణము గ్రాస్, అందు మూడవవంతు. గ్రామసిబ్బందికిని, చెరువుకాలువల మరమ్మతునకును తీసివేతలు వేరుగా చెప్పబడెను. ఇతర రాబడికి వచ్చుసరికి మాత్రము గ్రాస్ పోయి, నికరమునే ఆధారముగా పట్టుకొనిరి. ఈ రెండింటి కూడికను చిన్నవారికి ముప్పది రెట్లు, లక్షకు మించినవారికి పండ్రెండున్నర రెట్లు చేసి యిచ్చిరి. 1802లో జమీందారునకు విడిచినదియు మూడవవంతే, 1948లో ఆయనను సాగనంపుటకు పట్టుకొన్నదియు మూడవవంతే. ఇది బుద్ధిపూర్వకమో, యాదృచ్ఛికమో!

మక్తా యను మాట మాత్రము చావలేదు. కౌలురైతు నేటికిని ఎకరమునకిన్ని బస్తాలని మక్తా ఒప్పుకొని, పంట పండినను మునిగినను కొలుచుచున్నాడు. కల్లమున రాశిమీది ముద్ర లేదు, లాభమని తొలి కుంచము నెత్తువాడు లేడు. ధాన్యపు లారీ కాటామీద కెక్కును, చీటీ వచ్చును. మొదటి గీతలో గ్రాస్, రెండవ గీతలో ఖాళీ లారీ బరువు, మూడవ గీతలో నికరము. ఆ మూడవ గీతక్రింద తేమకు తరుగని యింకొక యంకె, యంత్రము అచ్చువేసినది కాదు, కలముతో వ్రాసినది.