మణుగు పేరొకటే, బరువులు వేరు



మణుగు అంటే ఎంత? మద్రాసు లెక్కలో ఎనిమిది వీశలు. అంటే 11 కిలోల పైచిల్లర. బెంగాలు లెక్కలో నలభై సేర్లు. అంటే 37 కిలోల పైమాటే. పేరొకటే, బరువు మూడింతలకు మించి తేడా! ఎవరి మణుగో అడగకుండా బేరం కుదుర్చుకున్నవాని గతి ఏమవుతుందో మీరే ఆలోచించండి.

ఈ బాధ మనకొక్కరికే కాదు. ఫ్రాన్సు దేశంలో పూర్వం ఊరికొక కొలత ఉండేది. రైతు చెల్లించవలసిన ధాన్యాన్ని భూస్వామి తన కుంచంతోనే కొలిపించుకొనేవాడు. కుంచం పెరిగితే పన్ను పెరిగినట్లే గదా! అందుకే 1789లో ప్రజలు రాజుకు పంపుకొన్న విన్నపాలలో అనేకచోట్ల, దేశమంతటా ఒకే కొలత ఉండాలని మొరపెట్టుకున్నారు. విప్లవం వచ్చింది, 1795లో మీటరు, గ్రాము చట్టమైనాయి. అయితే అలవాటు ఊరికే పోతుందా? మధ్యలో పాత పేర్లకు మళ్ళీ చోటిచ్చి, చివరకు 1840 నుంచి గాని గట్టిగా అమలు చేయలేకపోయినారు.

మన దేశంలో 1956లో చట్టం చేసి, 1958 అక్టోబరు 1 నుంచి విడతలవారీగా కిలోలు ప్రవేశపెట్టినారు. పొలం మాత్రం నేటికీ ఎకరాలు, సెంట్లలోనే చెప్పుకొంటున్నాం. హెక్టారు అంటే సుమారు రెండెకరాల నలభై ఏడు సెంట్లు. హెక్టారుకు చెప్పిన ఎరువు ఎకరానికే చల్లితే ఏమవుతుంది? డబ్బు దండుగ, పైరుకూ చేటు.

ఇక విదేశాల సంగతి. టన్ను అంటే మనకు వెయ్యి కిలోలు. అమెరికాలో వాడుక టన్ను 907 కిలోలే. బ్రిటిషువారి పాత టన్ను 1016 కిలోలు. అమెరికా బుషెలు గోధుమలైతే 60 పౌన్లు, ఓట్లయితే 32 పౌన్లు!

అంకెలు రాయడంలోనూ తిరకాసు ఉన్నది. మనం పది లక్షలను 10,00,000 అని రాస్తే, ఇంగ్లీషువారు 1,000,000 అంటారు. జర్మనులు వేలకు చుక్క, దశాంశానికి కామా పెడతారు. వారి 1.500 అంటే ఒకటిన్నర కాదండీ, పదిహేను వందలు! అక్కడి యంత్రం మీదనో, మందు డబ్బా మీదనో అంకె చూసి తొందరపడితే వెయ్యి రెట్లు పొరపాటు.

కాబట్టి సోదరులారా, కొలత పేరు విని సరిపెట్టుకోకండి. అది ఎవరి కొలత, కిలోల్లో ఎంత అని అడగండి. అడిగితే పోయేది లేదు. అడగకపోతే పోయేది మన గాదెలోని గింజే.