ముప్ఫైలో ఒక్కటి - యానాం శాసనసభ స్థానం



కాకినాడ నుంచి తాళ్లరేవు మీదుగా అమలాపురం వెళ్లే దారిలో యానాం వస్తుంది. చుట్టూ ఆంధ్రప్రదేశ్. ఊళ్లో మాట తెలుగు, పండుగలు తెలుగువారివి, వియ్యాలు గోదావరికి ఈ గట్టునా ఆ గట్టునా. కాని శాసనసభ ఎన్నికలు వచ్చినప్పుడు ఇక్కడి ఓటరు వేసే ఓటు ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న పుదుచ్చేరికి పోతుంది. అక్కడ సభలో ఎన్నికైన సభ్యులు ముప్ఫైమంది. వారిలో యానాం సభ్యుడు ఒక్కడు. ఆ ఒక్క స్థానం ఎలా ఏర్పడింది, దాని బరువెంత అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

యానాం ప్రజలకు ఓటు స్వాతంత్ర్యం వచ్చాక కొత్తగా అబ్బింది కాదు. 1879లో ఫ్రెంచి ప్రభుత్వం తన భారత స్థావరాలన్నిటికీ కలిపి పుదుచ్చేరిలో ఒక జనరల్ కౌన్సిల్‌ను, ఒక్కొక్క స్థావరానికి ఒక స్థానిక కౌన్సిల్‌ను ఏర్పరచింది. 1880లో పురపాలక సంఘాలు వచ్చాయి. అంటే యానాంలో మేయరు, కౌన్సిలర్లు అనే మాటలు నూట నలభై ఏళ్లకు పైబడినవి. అయితే ఆ ఓటులో పెద్ద మెలిక ఉండేది. ఓటర్లను జాబితాలుగా విడదీసేవారు. ఐరోపా సంతతివారు గుప్పెడుమందే అయినా వారి జాబితాకు దక్కే స్థానాలు వారి సంఖ్యకు ఎన్నో రెట్లు. మగవారందరికీ ఓటు, కాని అందరి ఓటుకూ ఒకే విలువ లేదు. ఈ జాబితాల పద్ధతి రెండో ప్రపంచయుద్ధం తరువాతగాని పోలేదు.

1946లో జనరల్ కౌన్సిల్ స్థానంలో ప్రతినిధుల సభ వచ్చింది. మొత్తం 44 స్థానాలు. పుదుచ్చేరికి 22, కారైకాల్‌కు 12, చంద్రనాగూరుకు 5, మాహేకు 3, యానాంకు 2. ఈ రెండు అనే అంకెను శ్రోతలు గుర్తుంచుకోవాలి.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వంలో యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. అదే ఏడాది అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గర కీళూరులో ఎన్నికైన ప్రజాప్రతినిధులు సమావేశమై భారతదేశంలో కలవడం గురించి ఓటు వేశారు. 178 మందిలో 170 మంది అనుకూలం, 8 మంది వ్యతిరేకం. అక్కడ ఓటు వేసినది నేరుగా ప్రజలు కాదు, ప్రజలు అంతకుముందు ఎన్నుకున్నవారు. ఒక ప్రాంతం భవిష్యత్తు దాని ప్రతినిధుల చేతిలో ఎంతగా ఉంటుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

ఆ నవంబరు 1న పాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1956లో కుదిరిన ఒప్పందం ఈ ప్రాంతాల ప్రత్యేక పరిపాలనా ప్రతిపత్తిని నిలిపి ఉంచింది. దాన్ని మార్చాలంటే ముందు ప్రజల అభిమతం తెలుసుకోవాలన్నది. మన పక్కనే ఉన్న యానాం, ఆంధ్రప్రదేశ్ అవతరించాక కూడా వేరుగానే ఎందుకు ఉండిపోయిందని అడిగేవారికి జవాబు చాలావరకు ఈ షరతులోనే దొరుకుతుంది. 1962 ఆగస్టు 16న ఒప్పందం పూర్తిగా అమలులోకి వచ్చింది. 1963లో పార్లమెంటు చేసిన కేంద్రపాలిత ప్రాంతాల చట్టం ప్రకారం పుదుచ్చేరికి 30 మంది ఎన్నికైన సభ్యులతో శాసనసభ ఏర్పడింది. 1964లో ఎన్నికలు జరిగాయి. పంపకం ఇలా ఉంది: పుదుచ్చేరికి 21, కారైకాల్‌కు 6, మాహేకు 2, యానాంకు 1. నలభై నాలుగులో రెండు కాస్తా ముప్ఫైలో ఒకటి అయింది.

1965 నాటి అధికార భాషల చట్టం యానాంలో తెలుగుకు స్థానం కల్పించింది. కాని ఊళ్లో తెలుగు వేరు, రాజధానిలో తెలుగు వేరు. తమిళం వినిపించే సభలో తెలుగు ఊరి గోడు చెప్పుకోవలసినవాడు ఒక్కడే. తోడు మాట్లాడడానికి పక్క నియోజకవర్గం వాడంటూ లేడు. ఇక్కడ ఏ ఇద్దరు సభ్యులూ ఒక గోదావరి గట్టు గురించి కలిసి అడగలేరు.

అందుకేనేమో యానాం ఓటర్లు పార్టీకన్నా మనిషిని చూసే అలవాటు చేసుకున్నారు. 1964 నుంచి ఇంచుమించు పాతికేళ్లు కామిశెట్టి పరశురామ వరప్రసాదరావు నాయుడుగారే ఇక్కడి ప్రతినిధి. పార్టీ గుర్తు మీద గెలిచారు, స్వతంత్రులుగానూ గెలిచారు. 1989లో మరణించేనాటికి ఆయన పుదుచ్చేరి శాసనసభాపతి. ఆ తరువాత 1996 నుంచి 2016 వరకు జరిగిన ఐదు ఎన్నికలలోనూ మల్లాడి కృష్ణారావుగారు గెలిచారు. ఆయన కూడా మొదట స్వతంత్ర అభ్యర్థే. మంత్రిగానూ పనిచేశారు. ఇద్దరి కాలం కలిపితే అర్ధ శతాబ్దం. ఒక్కడే ప్రతినిధి కాబట్టి, రాజధానిలో ఎవరి గది తలుపు తట్టాలో తెలిసినవాడు కావాలని ఓటరు కోరుకోవడంలో వింత లేదు.

దీనికి మరో కారణమూ ఉంది. పుదుచ్చేరి ప్రాంతాలన్నిటిలోనూ 1968లో పురపాలక ఎన్నికలు జరిగాయి. మళ్లీ జరిగింది 2006లో. మధ్యలో 38 ఏళ్లు! ఈ కాలంలో ఎక్కువ భాగం యానాం ఓటరుకు స్థానికంగా తాను ఎన్నుకున్న మనిషి శాసనసభ్యుడొక్కడే. వీధి దీపం వెలగకపోయినా ఆయనే, కాలువ పూడిపోయినా ఆయనే, ఆసుపత్రిలో వైద్యుడు లేకపోయినా ఆయనే. 1880లోనే పురపాలక సంఘం చూసిన ఊరు, స్వతంత్ర భారతంలో ఒక తరం పెరిగి పెద్దయ్యేదాకా ఒక్క కౌన్సిలరును ఎన్నుకోలేకపోయింది. 2006లో ఎన్నికైన పాలకవర్గాల గడువు తీరాక మళ్లీ ఏళ్లతరబడి ఎన్నికల ఊసే లేకపోయింది.

అంత చిన్న ఊరికి ఒక శాసనసభ్యుడే ఎక్కువ కదా అనేవారున్నారు. లెక్క చూద్దాం. 1991 జనాభా లెక్కల ప్రకారం యానాంలో ఇరవై వేల పైచిలుకు జనం. అప్పటికి అది ఒక స్థానానికి రావలసిన సగటుకన్నా తక్కువే. 2001 నాటికి ముప్ఫై ఒక్క వేలు దాటింది. ఆనాటి పుదుచ్చేరి మొత్తం జనాభాను ముప్ఫైతో భాగిస్తే స్థానానికి ముప్ఫై రెండున్నర వేలు. అంటే యానాం దాదాపు సగటుకు చేరింది. 2011లో యానాం జనాభా 55,626. సగటు నలభై రెండు వేల లోపే. దూరాన్ని చూసి ఇచ్చిన స్థానం ఇప్పుడు జనాన్ని బట్టే న్యాయంగా దక్కిన స్థానం. అది ఎవరి దయా కాదు. ఇదే కాలంలో జరిగిన పునర్విభజనలో మాహేకున్న రెండు స్థానాలు ఒకటయ్యాయి. 2011 ఎన్నికలనాటికి పుదుచ్చేరికి 23, కారైకాల్‌కు 5, మాహేకు 1, యానాంకు 1 మిగిలాయి. రాజధానికి రెండు పెరిగాయి, దూరపు ఊళ్లకు పెరిగింది లేదు.

2021 ఎన్నికల సంగతి చెప్పి ముగిస్తాను. ముఖ్యమంత్రి పదవికి పోటీలో ఉన్న ఎన్. రంగస్వామిగారు ఆ ఏడు రెండుచోట్ల నిలబడ్డారు. రెండోది యానాం. మల్లాడి కృష్ణారావుగారి మద్దతు కూడా ఆయనకే. కాబోయే ముఖ్యమంత్రే మన సభ్యుడైతే అంతకన్నా ఏం కావాలని కొందరనుకున్నారు. ఓటర్లు మాత్రం 655 ఓట్ల తేడాతో గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ అనే స్వతంత్ర అభ్యర్థిని గెలిపించారు. రంగస్వామిగారు రెండోచోట గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. ఒక్క స్థానాన్ని పెద్దవారికి అప్పగించడమా, తమ ఊరివాడి దగ్గరే ఉంచుకోవడమా అన్న ప్రశ్నకు ఊరు సగంసగంగా చీలి, చివరికి తన మాట చెప్పింది.

సరిహద్దుల్లో ఉన్న మనందరికీ ఇది ఆలోచించవలసిన విషయమే. హోసూరులోనో, బళ్లారిలోనో, పర్లాకిమిడిలోనో తెలుగువారు వేసే ఓటు ఇతర భాషల సభలకే పోతుంది. సభలో మనకు ఒక్క గొంతే ఉన్నప్పుడు దాన్ని ఎవరికి ఇస్తున్నామో చూసుకోవాలి. దానితోపాటు ఊరి పురపాలక సంఘానికి సకాలంలో ఎన్నికలు జరగాలని అడగడమూ నేర్చుకోవాలి. ఎందుకంటే ఒక్కడి భుజాన ఊరంత బరువు పెడితే, అతడు దించినప్పుడు అందుకోవడానికి పక్కన మరొకరు ఉండాలి కదా.